సుస్థిర పాఠశాల

సుస్థిర పాఠశాల అనగా, రాబోయే తరాల అవసరాలకు లోటు రాకుండా నేటి అవసరాలు తీర్చుకొనే పద్ధతిని పాఠంగా చెప్పడంతో సరిపెట్టక, తన రోజువారీ నిర్వహణలో ఆచరించి చూపే పాఠశాల. ఇంగ్లాండు విద్యాశాఖ 2006లో ఈ పేరుతో ఒక జాతీయ ప్రణాళికను ప్రకటించింది. దాని అమలులో ప్రధానోపాధ్యాయునిదే కీలక స్థానం.

నేపథ్యం

1992లో రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సు ఎజెండా 21 అనే కార్యాచరణ పత్రాన్ని ఆమోదించింది. అందులోని 36వ అధ్యాయం విద్యకు సంబంధించినది. తరువాత ఐక్యరాజ్య సమితి 2005 నుండి 2014 వరకు గల కాలాన్ని సుస్థిరాభివృద్ధి విద్యా దశాబ్దంగా పాటించింది.

ఎనిమిది ద్వారాలు

ప్రణాళిక పాఠశాల జీవితాన్ని ఎనిమిది "ద్వారాలు"గా విభజించింది. అవి ఆహార పానీయాలు, ఇంధనం-నీరు, ప్రయాణం-రాకపోకలు, కొనుగోళ్లు-వ్యర్థాలు, భవనాలు-ఆవరణ, అందరి భాగస్వామ్యం, స్థానిక సంక్షేమం, ప్రపంచ దృక్పథం. పాఠశాల తనకు అనువైన ద్వారంతో మొదలుపెట్టవచ్చు. 2020 నాటికి అన్ని పాఠశాలలూ సుస్థిర పాఠశాలలు కావాలన్నది లక్ష్యం.

ఉదాహరణకు, విద్యార్థులు విద్యుత్ మీటరు రీడింగును వారం వారం నమోదు చేస్తే అది గణితానికి పట్టిక, సామాన్యశాస్త్రానికి ప్రయోగం, పాఠశాలకు పొదుపు. అయితే ఆ పట్టికను చూసి పాత బాయిలరును మార్చించే అధికారం విద్యార్థులకు గాని, తరగతి ఉపాధ్యాయునికి గాని ఉండదు.

ప్రధానోపాధ్యాయుని పాత్ర

1988 నాటి విద్యా సంస్కరణల చట్టం వలన ఇంగ్లాండులో పాఠశాల బడ్జెట్ నిర్వహణ చాలావరకు స్థానిక సంస్థల నుండి పాఠశాలలకే బదిలీ అయింది. కనుక భోజనం, విద్యుత్తు, కొనుగోళ్ల విషయంలో ప్రధానోపాధ్యాయుడు, పాలక మండలి కలసి నిర్ణయం తీసుకోగలరు. వ్యర్థాల తగ్గింపును తరగతిలో బోధించి, భోజనశాలలో వాడి పారవేసే పళ్లెములు పెట్టే బడిలో పిల్లలు నేర్చుకొనేది రెండవదానినే. పాఠశాలల తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ 2008లో వెలువరించిన నివేదిక కూడా ఇంచుమించు ఈ లోపాన్నే ఎత్తిచూపింది. తాము చూసిన పాఠశాలల్లో అధికభాగం ఈ పనిని ప్రత్యేక దినాలకు పరిమితం చేశాయని, పాఠ్యక్రమంలో అంతర్భాగం చేయలేదని పేర్కొన్నది.

తదుపరి పరిణామాలు

ప్రణాళికకు చట్టబద్ధత లేదు. 2010లో ప్రభుత్వం మారగానే విద్యాశాఖ దానిని పక్కన పెట్టింది. 2020 లక్ష్యం అలా మధ్యలోనే ఆగిపోయింది. 1994లో మొదలైన ఎకో-స్కూల్స్ అనే అంతర్జాతీయ కార్యక్రమం మాత్రం స్వచ్ఛందంగా కొనసాగింది. 2022 ఏప్రిల్‌లో విద్యాశాఖ కొత్త వ్యూహాన్ని ప్రకటిస్తూ, 2025 నాటికి ప్రతి విద్యాసంస్థలో ఒక సుస్థిరత బాధ్యుడు, వాతావరణ కార్యాచరణ ప్రణాళిక ఉండాలని కోరింది. పన్నెండేళ్ల క్రితం వదలిన దారికే తిరిగి రావడం గమనార్హం.

భారతదేశంలో

సుప్రీం కోర్టు 1991లో ఎం.సి. మెహతా వ్యాజ్యంలో పర్యావరణం తప్పనిసరి పాఠ్యాంశం కావాలన్న సూత్రాన్ని అంగీకరించింది. 2001-02లో జాతీయ హరిత దళం మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాలల్లోనూ దీని ఎకో క్లబ్బులు ఉన్నాయి. 2019లో కేంద్ర ప్రభుత్వం బడి తోటలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో పండిన కూరగాయలను మధ్యాహ్న భోజనంలో వాడాలన్నది ఉద్దేశం.

ఇక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో ప్రధానోపాధ్యాయునికి ఇంగ్లాండులోవలె బడ్జెట్ అధికారం లేదు. పైగా బదిలీలు ఉంటాయి. హరిత దళం బాధ్యత సాధారణంగా ఒక్క ఉపాధ్యాయునిపైనే ఉంటుంది. ఆయన బదిలీ అయితే వేసవి సెలవుల్లో మొక్కలకు నీరు పోయించేదెవరో ముందుగానే పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో నిర్ణయించి, మినిట్స్ పుస్తకంలో వ్రాసి ఉంచవలసి ఉంటుంది.