ఇరువురును నడువవలసిన దారి

తెలుగున ‘సమాధానము’ అను మాటకు వాడుకలో ముఖ్యముగా రెండర్థములు కలవు. అడిగినదానికి బదులు చెప్పుట ఒకటి. కలతపడిన మనస్సు కుదుటపడుట రెండవది. బైబిలును తెనిగించినవారు శాంతికిని, పగ మాని పొత్తు కుదుర్చుకొనుటకును ఈ మాటనే గ్రహించిరి. ఆ ఎన్నిక మిక్కిలి సముచితము. రాజులు చేసికొను సంధి బలము చాలనప్పుడు పుట్టి, బలము కలిగినప్పుడు చెడుచుండును. సమాధాన మట్టిది కాదు. విడిపోయినదానిని మరల కూర్చి నిలుపుట ఆ సంస్కృత పదమునకు మూలార్థము.

మత్తయి సువార్తలో క్రీస్తు విధించిన రెండు నియమములను ప్రక్కప్రక్కన ఉంచి చదివినచో ఒక విశేషము గోచరించును. బలిపీఠము కడకు కానుక తెచ్చినవానికి, తనవలన సోదరునకు మనస్తాపము కలిగినదని జ్ఞప్తికి వచ్చినచో, కానుకను అచటనే విడిచి ముందుగా పోయి అతనితో సమాధానపడవలెనని ఐదవ అధ్యాయమున కలదు. ఇచట నడువవలసినవాడు నొప్పించినవాడు. సోదరుడు తప్పు చేసినచో ఒంటరిగా పోయి అతనితో మాటాడవలెనని పదునెనిమిదవ అధ్యాయమున కలదు. ఇచట నడువవలసినవాడు నొచ్చినవాడు. అనగా, అతడే రావలెనని కూర్చుండు హక్కు ఇరువురిలో ఎవరికిని లేదు. ఇరువురును నియమమును పాటించినచో నడిదారిలో కలిసికొందురు.

ఇది తప్పును కప్పిపుచ్చు ఉపదేశమని భావింపరాదు. ఏకాంతమున చెప్పినను వినకున్న, ఒకరిద్దరు సాక్షులతో పోవలెను. అప్పటికిని వినకున్న, సంఘమునకు తెలుపవలెను. తప్పును తప్పని చెప్పవలెను. చేసినవానిని పోగొట్టుకొనకుండ యత్నింపవలెను. మొదటిది విడిచినచో మిగులునది మొగమాటము. రెండవది విడిచినచో మిగులునది శిక్ష.

ఇద్దరు సోదరుల నడుమ చెల్లు ఈ నీతి రెండు జాతుల నడుమ చెల్లునా అను సందేహము సహజము. ఇంగ్లండులోని కావెంట్రీ పట్టణ చరిత్ర ఈ సందేహమునకు కొంతవరకు బదులు చెప్పుచున్నది.

1940 నవంబరు 14వ తేదీ రాత్రి జర్మను విమానములు ఆ పట్టణముపై బాంబులు కురిపించినవి. ఐదువందలకు పైగా జనులు మరణించిరి. మధ్యయుగములనాటి ప్రధాన దేవాలయము కాలిపోయి, వెలిగోడలును గోపురమును మాత్రము మిగిలెను. ఆ దేవాలయ ప్రధానాచార్యుడు రిచర్డ్ హోవర్డ్. ఆ క్రిస్మసునాడే ఆయన శిథిలముల నడుమనుండి రేడియోలో మాటాడి, ప్రతీకార చింతను విడువవలెనని కోరెను. విమానదాడు లింకను ఆగని దినములవి. ఆప్తులను పూడ్చిన మట్టి ఆరని దినములవి. ఆ మాటను వినుట అందరికిని సులభమై యుండదు.

కాలిన దూలములు రెండింటిని కట్టి శిలువగా నిలిపిరి. పాతకాలపు మేకులతో మరియొక చిన్న శిలువను కూర్చిరి. 1948లో బలిపీఠము వెనుక గోడపై రెండే మాటలు చెక్కించిరి. అవి తండ్రిని పిలిచి క్షమింపుమని వేడు మాటలు. ఎవరిని క్షమింపవలెనో అందు లేదు. శిలువపై క్రీస్తు తన్ను హింసించినవారి కొరకు ప్రార్థించెను. గోడపై ‘వారిని’ అను మాటయే లేదు. ఆ మాట ఉన్నచో దోషము పరులదే యగును. లేనందున, చదువువాడును దోషులలో చేరుచున్నాడు.

చేరుటకు కారణమును కలదు. 1945 ఫిబ్రవరిలో బ్రిటిషు, అమెరికను విమానములు జర్మనీలోని డ్రెస్డెన్ నగరమును దగ్ధము చేసినవి. అచట 25,000 మంది వరకు మరణించిరని చరిత్రకారులు నిర్ణయించిరి. ఫ్రావెన్‌కిర్షె అను ప్రసిద్ధ దేవాలయము కూలి, దశాబ్దములపాటు రాళ్లగుట్టగా పడియుండెను.

కావెంట్రీవారు మాటలతో ఆగలేదు. 1947లో మేకుల శిలువ ఒకటి జర్మనీలోని కీల్ పట్టణమునకు చేరెను. 1965లో కావెంట్రీ ప్రోత్సాహమున యువతీయువకులు డ్రెస్డెన్‌కు పోయి, బాంబులచే పాడైన ఆసుపత్రిని కట్టుటలో చేయి కలిపిరి. ఆ నగరమును చేతులు ముడుచుకొనలేదు. పునర్నిర్మితమైన ఫ్రావెన్‌కిర్షె 2005 అక్టోబరు 30న ప్రతిష్ఠితమయ్యెను. దాని శిఖరముపైని శిలువ బ్రిటిషు ప్రజల కానుక. దానిని మలచినవాడు లండను స్వర్ణకారుడు ఆలన్ స్మిత్. ఆయన తండ్రి 1945 నాటి దాడిలో పాల్గొన్న విమానికులలో ఒకడు. ఆ శిలువను డ్రెస్డెన్ తన శిఖరమున ధరించెను. ఇచ్చుట ఎంత కష్టమో, పుచ్చుకొనుటయు అంత కష్టమే.

కావెంట్రీలో 1962 మే 25న కొత్త దేవాలయమును ప్రతిష్ఠించిరి. పాతదాని శిథిలములను తొలగింపక, వాని ప్రక్కనే కట్టిరి. జరిగినదానిని మరచుట క్షమ కాదని అచటికి పోయినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

కావెంట్రీవారు డ్రెస్డెన్ చేరుటకు సముద్రము దాటవలసి వచ్చెను. పొలము గట్టు తగవులో మాటలు మానిన అన్నదమ్ములకు అంత దూరము లేదు. వాకిలి దాటిన చాలును. ముందుగా లేవవలసినవా డెవడో తేల్చుకొను పనియు లేదు.