గుర్రం కాలికి గడువే మందు

హైదరాబాద్ మలక్‌పేట మైదానంలో 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో మొదలైన గుర్రపు పందేలు నేటికీ వర్షాకాలం, శీతాకాలం సీజన్లలో సాగుతున్నాయి. లక్షల రూపాయల విలువ చేసే పందెపు గుర్రం భవితవ్యం ముంగాలి వెనుక భాగాన ఉండే స్నాయుబంధనంపై ఆధారపడి ఉంటుంది. వాడుకలో దీనిని నరం అనేస్తారు.

మోకాలి దిగువన గుర్రానికి కండ దాదాపు లేదు. బరువంతా స్నాయుబంధనాలు, సంధిబంధనాలే మోయాలి. దౌడులో ఈ బంధనం 16 శాతం దాకా సాగుతుంది. ఇది తెగే హద్దుకు చేరువే. దాని లోపలి వేడి 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. రక్తప్రసరణ స్వల్పం కనుక చిరిగిన పోగులు త్వరగా అతుక్కోవు. అతుక్కున్నా మునుపటి సాగుడు గుణం రాదు.

తొలి రోజుల్లో చన్నీళ్లు, ఐసు, కట్టు, వాపు తగ్గించే మందులు, శాలలో విశ్రాంతి అవసరం. ఆ తరువాత రోజూ కొద్ది నిమిషాల నడకతో మొదలుపెట్టి వారాల తరబడి పెంచుతారు. కుంటు పోయినా లోపలి గాయం మానలేదని అల్ట్రాసౌండ్ పరీక్ష చూపుతుంది. తిరిగి పందేనికి 9 నుంచి 12 నెలలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. చిక్కంతా ఇక్కడే. దాణా, సైసు జీతం ఆగవు, సీజను మాత్రం చేజారిపోతుంది. ఈ తొందరే గాయాన్ని తిరగబెడుతుంది.

పూర్వం కాల్చిన ఇనుముతో వాతలు పెట్టేవారు. వాటివల్ల మేలు లేదని 1983లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ పరిశోధకులు తేల్చారు. వాతలు ‘పనిచేశాయి’ అన్న చోట నిజానికి పనిచేసింది ఆ తరువాత ఇచ్చిన విశ్రాంతే. గుర్రం సొంత ఎముక మజ్జ నుంచి తీసిన మూలకణాలను గాయంలోకి ఎక్కించే పద్ధతి 2003 నుంచి ప్రచారంలోకి వచ్చింది. ఇలా చికిత్స పొందిన పందెపు గుర్రాల్లో సుమారు నాలుగో వంతే మళ్లీ గాయపడ్డాయని 2012 నాటి బ్రిటిష్ అధ్యయనం తెలిపింది. అయినా నెలల తరబడి విరామం తప్పదు.

ఖరీదైన ఈ వైద్యం బండి లాగే గుర్రానికి, పెళ్లి ఊరేగింపు గుర్రానికి అందేది కాదు. దేశంలో గుర్రాలు, పోనీల సంఖ్య 2012లో 6.25 లక్షలు కాగా 2019 పశుగణనలో 3.4 లక్షలకు పడిపోయింది. మిగిలిన వాటిలో అనేకం యజమాని ఆ రోజు కూలికి ఆధారం కావడంతో కుంటుతూనే పనికి కడుతున్నారు. ఇలాంటి యజమానికి ఖర్చులేని జాగ్రత్త ఒకటుంది. తెల్లవారగానే రెండు ముంగాళ్లనూ తడిమి పోల్చి చూసుకోవాలి. ఒకదానిలో వేడి గానీ ఉబ్బు గానీ తగిలితే ఆ రోజు బండి కట్టరాదు.