సైన్యము, పౌరసమాజము, శాంతిస్థాపన: హైదరాబాదు సంస్థానపు అనుభవము

వార్ధానదికి ఆవల రాజురా ప్రాంతము గలదు. నేడది చంద్రపూర్ జిల్లాలోని తాలూకా. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో చేరియుండెను. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణలో నాందేడు జిల్లాకును, 1959లో చాందా జిల్లాకును మారినది. నిజాము కాలమున ఆ నది సంస్థానపు ఎల్ల. సంస్థాన విమోచనమునకై కాంగ్రెసువారు నడపిన సరిహద్దు శిబిరములలో ఒకటి చాందాలోనే యుండెను, పి.వి. నరసింహారావు అందు పనిచేసిరి. కావున నదికావల శాంతి యెట్లు నెలకొన్నదను ప్రశ్న ఇచటి తెలుగువారికి పరాయిది కాదు.

1948 సెప్టెంబరు 13న భారతసైన్యము సంస్థానమున ప్రవేశించెను. 17న నిజాము యుద్ధవిరమణమునకు అంగీకరించెను. మరునాడు సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూసు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయెను. రజాకార్ల దౌర్జన్యము అణగినది. ఐదుదినములలో యుద్ధము ముగిసినది. శాంతి మాత్రము అంత త్వరగా రాలేదు. పలుచోట్ల, ముఖ్యముగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో, ముస్లిములపై ప్రతీకారహింస చెలరేగెను.

చౌధురి సైనిక గవర్నరుగా 1949 చివరి వరకు పాలించిరి. సైనికపాలన యనినను దైనందిన వ్యవహారములను నడపినవారు సైనికులు మాత్రమే కారు. ఇతర రాష్ట్రములనుండి వచ్చిన పౌరాధికారులు జిల్లాల పాలనను చేపట్టిరి. 1949లో జాగీరుల రద్దునకు శాసనము వెలువడినది.

పాలకులు తమ చేతలను తామే తూచుకొనుట కష్టము. అందుచే పౌరులచే జరిగిన విచారణ ముఖ్యమైనది. ప్రధాని నెహ్రూ కోరికపై పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 చివర సంస్థానమున పర్యటించిరి. వారు బాధితుల మాటలు వినిరి. ఇరుమతముల వారికి సామరస్యమును బోధించిరి. మృతుల సంఖ్య 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని వారి అంచనా. కొన్నిచోట్ల సైనికులును దోపిడీలో పాల్గొనిరని వారు దాచక వ్రాసిరి. పలువురు సైనికాధికారులు ప్రజలను కాపాడిరనియు, హిందువులైన సాలెవారు తమ వృత్తిబంధువులైన ముస్లిము సాలెవారిని ప్రాణములొడ్డి రక్షించిరనియు అంతే నిష్పక్షపాతముగా వ్రాసిరి. అట్టి నివేదికను నాడు ప్రకటింపలేదు. 2013లో గాని అది పరిశోధకులకు అందుబాటులోనికి రాలేదు. సత్యము మరుగుపడిన ఆ దశాబ్దములలో బాధితుల వేదన లెక్కకు రాని వేదనగానే మిగిలెను.

తెలంగాణమున మరియొక సమస్య భూమి. నల్లగొండ మొదలగు జిల్లాలలో రైతుల సాయుధపోరాటము సైనికచర్య తరువాతను సాగి, 1951 అక్టోబరులో విరమింపబడెను. బలప్రయోగము దళములను అడవులకు తరిమినది కాని, భూమిలేనివాని ఆకలిని తీర్పలేదు. అదే ఏడాది మార్చిలో వినోబా భావే వార్ధా ప్రాంతమునుండి కాలినడకన బయలుదేరి హైదరాబాదు చేరిరి. చెరలోనున్న కమ్యూనిస్టులను కలిసికొనిరి. ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజన కుటుంబములు ఎనుబది ఎకరములు కోరగా వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరములిచ్చిరి. భూదానోద్యమమునకు అదియే నాంది. దానముగా వచ్చిన భూములన్నియు సాగునకు యోగ్యములు కావు. పంపిణీయు పూర్తిగా జరుగలేదు. అయినను భూమి పంచనిదే శాంతి నిలువదను సత్యమును ఆ యాత్ర దేశమునకు తెలిపినది. 1950 నాటి కౌలుదారీ చట్టము సాగుచేయువానికి హక్కు కల్పించుటకు పూనుకొనుటయు ఈ మార్గముననే.

ఈ చరిత్రనుబట్టి తేలునది యిది: ఆయుధమును నిలిపివేయగలది సైన్యము, నమ్మకమును తిరిగి నాటగలది పౌరసమాజము. మొదటిది లేనిచో రెండవదానికి చోటుండదు. రెండవది లేనిచో మొదటిది కావలికాయుటగానే మిగులును. ఈ రెంటి సహకారమనగా ఒకరినొకరు పొగడుకొనుట కాదు. పౌరులు కన్నదానిని నిర్భయముగా చెప్పుటయు, అధికారులు విన్నదానిని దాచక దిద్దుకొనుటయు. 1948లో మొదటి భాగము నెరవేరినది. రెండవ భాగము అరువదేండ్లకుపైగా ఆలస్యమైనది.