రిజిస్టరును నిలువుగా చదివితే

హాజరు రిజిస్టరును మా ఉద్యోగంలో అందరూ అడ్డంగానే చదువుతారు. ఒక పేరు దగ్గర వేలు పెట్టి, ఆ వరుసలో ఎన్ని గైర్హాజర్లున్నాయో లెక్కపెట్టి, "ఈ పిల్లకు చదువు మీద ధ్యాస లేదు" అని తేల్చేస్తారు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న గద్వాల ప్రాంతాన్ని మేం నడిగడ్డ అంటాం. నా సర్వీసంతా అక్కడి ప్రాథమిక పాఠశాలల్లోనే గడిచింది. రిజిస్టరును నిలువుగా చదవడం నాకు అక్కడే అలవాటైంది. తేదీ పట్టుకుని కిందికి దిగుతూ వస్తే పిల్లలు కాదు, ఊరు కనిపిస్తుంది.

ఆగస్టు నడిమధ్య నుంచి నాలుగు, అయిదు తరగతుల ఆడపిల్లలు ఒక్కసారే రావడం మానేస్తారు. దీపావళి దాటాక మళ్లీ ఒక్కసారే కనబడతారు. సంత రోజున పెద్దపిల్ల ఇంట్లో ఉండి తమ్ముణ్ని ఎత్తుకుంటుంది. పీర్ల పండుగకు బడి మొత్తం ఖాళీ, దానికెవరూ ఏమీ అనుకోరు. దసరా అయ్యాక ఒకే వాడకు చెందిన పేర్లు ఒకే రోజున ఆగిపోయాయంటే, ఆ రాత్రి కూలీలను వలస తీసుకుపోయే గుంపు మేస్త్రీ వచ్చి కుటుంబాలను బస్సెక్కించాడని అర్థం. ఇరవై మందికి ఒకే రోజున బద్ధకం పుట్టదు కదా!

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అదే అట్టడుగు. ఆ లెక్కలనే కొత్త జిల్లాల వారీగా విడదీస్తే గద్వాల, నారాయణపేట రెండూ 50 శాతాన్ని అందుకోలేదు. ఈ అంకెలు చూపించి మా జిల్లా పంతుళ్లను మీటింగుల్లో నిలబెట్టి అడిగేవాళ్లు. అడగాల్సిందే. కానీ ఆగస్టు నుంచి దీపావళి దాకా ఆ పిల్లలు ఎక్కడుంటారో కూడా అడగాలి.

వాళ్లు సీడ్ పత్తి చేలల్లో ఉంటారు. నడిగడ్డ హైబ్రిడ్ పత్తి విత్తనానికి పేరుపడ్డ సీమ. మామూలు పత్తికీ దీనికీ తేడా 'క్రాసింగ్' పనిలో ఉంది. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈరోజు మధ్యాహ్నమే గుర్తుపట్టాలి. గోటితో పైరెక్కలు వలిచి, లోపలి పుప్పొడిని కొంచెం కూడా మిగల్చకుండా తీసేయాలి. మరునాడు పొద్దున మగ చెట్ల పూలు తెంపుకొచ్చి, వాటి పుప్పొడిని ఆ మొగ్గ కొనకు అద్దాలి. ఒక్కో మొగ్గకూ ఇదే పని, రోజూ ఇదే పని, రెండు నెలలకు పైగా. యంత్రం చేసే పని కాదు, వాయిదా వేస్తే ఆగే పనీ కాదు. పొద్దున అద్దే వేళ, మధ్యాహ్నం వలిచే వేళ కలిపితే సరిగ్గా మా బడి వేళలే అవుతాయి.

ఆడపిల్లలే ఎందుకంటే, వాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయని, చెట్టు ఎత్తుకు సరిపోతారని రైతులు చెబుతారు. నేను నమ్మను. పెద్దవాళ్ల వేళ్లతో కూడా మొగ్గ వలవవచ్చు. చిన్నపిల్ల తక్కువ కూలికి వస్తుంది, ఎదురు మాట్లాడదు, చెప్పినంతసేపు ఎండలో నిలబడుతుంది. అసలు కథ ఇది. రైతును తిట్టి ఊరుకుందామంటే అదీ కుదరదు. విత్తన కంపెనీ నేరుగా రైతు దగ్గరికి రాదు, మధ్యలో ఆర్గనైజరుంటాడు. పెట్టుబడికి అప్పు అతనిస్తాడు, వడ్డీ అతను పట్టుకుంటాడు, విత్తనానికి రేటు పైనుంచి తెస్తాడు. "పెద్దోళ్ల కూలి ఇచ్చి ఈ రేటుకు సీడు తీస్తే నాకు మిగిలేది పత్తికట్టెనే సారూ" అన్నాడొక రైతు, నేను గట్టిగా నిలదీసినప్పుడు. 1990ల చివరి నుంచి ఈ చేలను పరిశీలించిన పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు కూడా విత్తనానికి ఇచ్చే ధరకూ, పిల్లల్ని పనికి పెట్టుకోవడానికీ ఉన్న ఈ ముడినే ఎత్తిచూపారు.

అటువైపు పిల్ల ఇంట్లోనూ అప్పే. ఎండాకాలంలోనే అడ్వాన్సు ముడుతుంది. నేను ఇంటికి వెళ్లి అడిగితే ఒక తల్లి చీపురు కింద పెట్టకుండానే జవాబు చెప్పింది: "అడ్వాన్సు దెచ్చి బోరు ఏసినం సారూ. బోరుల నీళ్లు వడలే. పోరి పోకుంటే ఆ పైసలు నువ్వు గడ్తవా?"

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే నష్టం అసలు ఎలా జరుగుతుందో బయటివాళ్లకు తెలియదు. రెండు మూడు నెలలు పోతే ఏమైంది, తర్వాత చదువుకోవచ్చుగా అంటారు. లెక్కల పుస్తకంలో కూడిక, తీసివేత, గుణకారం తొలి నెలల్లో అయిపోతాయి. పత్తి మొగ్గ తొడిగే రోజుల్లోనే మేం భాగహారానికి వస్తాం. పిల్ల దీపావళి తర్వాత వచ్చేసరికి తరగతి భిన్నాల్లో ఉంటుంది. భాగహారం రాని పిల్లకు భిన్నం ఏం అర్థమవుతుంది? సిగ్గుపడి అడగదు, పక్క పలక చూసి రాస్తుంది. మరుసటి ఏడు మళ్లీ అవే నెలలు, మళ్లీ భాగహారమే పోతుంది. ఆరో తరగతికి హైస్కూలుకు పంపితే అక్కడి లెక్కల సారు పది నిమిషాల్లో 'మొద్దు' అని పేరు పెడతాడు. అదే పిల్ల చేనులో ఎన్ని సాళ్లు అయ్యాయో, ఎంత కూలి రావాలో, అడ్వాన్సులో ఎంత తెగిందో నోటిలెక్కతో చెప్పగలదు. ఆమెకు తెలివి లేకపోవడం కాదు, సరిగ్గా ఆ పాఠం రోజున ఆమె అక్కడ లేదు.

చట్టం ఉంది కదా అంటారు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. అందులోనే బడి వేళలు కానప్పుడు, సెలవుల్లో సొంత కుటుంబం చేసే పనికి సాయం చేయవచ్చని ఒక మినహాయింపు పెట్టారు. ఆ తర్వాత మా దగ్గర ఏ చేనుకు వెళ్లి అడిగినా ఆ పిల్లలంతా ఆ ఇంటివాళ్లే. చిన్నాయన కూతురు, మేనకోడలు, వదిన చెల్లెలు! ఇంత పెద్ద కుటుంబాలు నడిగడ్డలో ఉన్నాయని అధికారులు రాకముందు మాకెవరికీ తెలియదు.

బడికి వచ్చిన పిల్లకైనా ఊరు గేటు బయటే ఆగిపోదు. ఉపకారవేతనాల ఫారాలు నింపే రోజున చాలా బళ్లలో జరిగేది చెబుతాను. "ఎస్సీలు లేవండి. ఆ, కూర్చోండి. ఎస్టీలు లేవండి." పని తొందరగా తెమలాలని పిలుస్తారే తప్ప మనసులో చెడు ఉండి కాదు. కానీ ఆ తర్వాతి పీరియడులో లేచి నిలబడిన పిల్లలను గమనించండి, చెయ్యెత్తరు.

ఇది నా భ్రమేమో అనుకునేవాణ్ని, కార్లా హాఫ్, ప్రియాంకా పాండే చేసిన ప్రయోగం గురించి చదివేదాకా. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలను తీసుకున్నారు, పైకులాల వాళ్లు 321 మంది, దళితులు 321 మంది. కాగితం మీద చిక్కుదారుల బొమ్మలిచ్చి దారి కనుక్కోమన్నారు, ఒక్కో బొమ్మకు ఇంత అని డబ్బు. ఎవరి కులమేమిటో బయటపెట్టనప్పుడు రెండు వర్గాలూ సమానంగా చేశాయి. పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, చివర కులం గట్టిగా చదివి ఆ తర్వాత బొమ్మలిస్తే దళిత పిల్లలు ఇరవై శాతానికి పైగా వెనకబడ్డారు. పిల్లలు మారలేదు, బొమ్మల కష్టం పెరగలేదు, మారిందల్లా చదివిన ఆ ఒక్క వాక్యమే. మా ఉపకారవేతనాల ఫారాలు ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలిచి నింపడానికి ఓ అరపూట ఎక్కువ పడుతుంది, అంతే.

బీఈడీలో కోల్‌మన్ నివేదిక గురించి రెండు ముక్కలు చెప్పారు. 1966లో అమెరికాలో ఆరు లక్షలకు పైగా విద్యార్థులను పరిశీలించి, మార్కుల్లోని తేడాలకు బడి వసతులకన్నా ఇల్లూ, తోటిపిల్లలూ ఎక్కువ కారణమని తేల్చిన నివేదిక. దాన్ని పట్టుకుని "అయితే మనం చేసేదేముంది" అని టీ తాగుతూ అనే పంతుళ్లు నాకు చాలామంది తగిలారు. వాళ్లతో నాకెప్పుడూ పడలేదు. 1991లో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ వెట్టిలో ఉన్న పిల్లలతో పని మొదలుపెట్టినప్పుడు ఆ ఇళ్లకు కొత్తగా ఆస్తులు రాలేదు. పిల్లల్ని శిబిరాల్లో ఉంచి, పోయిన ఏళ్ల చదువును కుదించి చెప్పి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. పిల్ల పనిలో ఉండటం ఊరికి తలవంపు అనే మాట ఊళ్లోనే పుట్టేలా చేశారు. ఆ రెండోదే కష్టం.

గురుకులాలు ఇంకో దారి. 1971లో సర్వేలులో పి.వి. నరసింహారావు హయాంలో మొదలైన ఆ ఆలోచన మా పిల్లలకు చాలా చేసింది. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది సాంఘిక సంక్షేమ గురుకులం నుంచే. కస్తూర్బా బాలికా విద్యాలయాలు రాకుంటే మా గట్టు మండలంలో ఎంతమంది ఆడపిల్లలు ఏడో తరగతి చూసేవాళ్లో! అయినా నాకొక పేచీ ఉంది. అవి పిల్లను ఊరి నుంచి తప్పిస్తాయి, ఊరిని అలాగే వదిలేస్తాయి. సీటు రాని చెల్లెలు అదే చేనులో ఉంటుంది. దసరా సెలవులకు వచ్చిన అక్క కూడా ఆమె పక్కనే మొగ్గలు వలుస్తుంది.

ఇప్పుడు హాజరు ఫోన్లో ముఖం చూపిస్తే పడుతుంది. ఎవరి శాతం ఎంతో తెర మీద వెంటనే కనిపిస్తుంది, మళ్లీ అడ్డంగానే. నా తర్వాత వచ్చిన టీచరమ్మ మాత్రం ఒక పాత క్యాలెండరు వెనక ఊరి పనులన్నీ నెలల వారీగా రాసి గోడకు కొట్టుకుంది. సంత, క్రాసింగ్, పీర్లు, మేస్త్రీ వచ్చే రోజులు. భాగహారం జులైలోనే మొదలుపెడుతుంది, దీపావళి తర్వాత వచ్చినవాళ్ల కోసం నవంబరులో మళ్లీ చెబుతుంది. పోయినసారి నేను వెళ్లేసరికి నాలుగో తరగతి పోరి ఒకతె బోర్డు దగ్గర నిలబడి 96ను 8తో భాగిస్తోంది, గోళ్లకింకా పత్తి జిగురు మరకలున్నాయి. తనిఖీకి వచ్చినాయన బుక్కులో ఏం రాశారమ్మా అని అడిగితే టీచరమ్మ తెరిచి చూపించింది: "సిలబస్ మూడు వారాలు వెనకబడి ఉంది. సంజాయిషీ ఇవ్వవలెను."