'టు' తరువాత ఏ రూపం?

ఆంగ్లంలో ఉద్యోగానికి దరఖాస్తు వ్రాసే మన విద్యార్థి తరచు చివరి వాక్యం దగ్గర తడబడతాడు. 'ఐ లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రం యు' అని ముగిస్తాడు. అక్కడ 'హియరింగ్' అని ఉండవలెను. భావం బోధపడుతుంది, కాని చదివే అధికారి దృష్టి భావాన్ని విడిచి దోషం మీద నిలుస్తుంది.

ఈ దోషానికి మూలం మన మాతృభాషల అలవాటు. తెలుగులో 'చదవడం నేర్చుకున్నాడు', 'చదవడం మానేశాడు' అంటాము. ఉర్దూలో 'పఢ్నా సీఖా', 'పఢ్నా ఛోడా' అంటాము. రెండు చోట్లా క్రియారూపం ఒక్కటే. ఆంగ్లమో, మొదటిదానికి 'లర్న్డ్ టు రీడ్' అనీ, రెండవదానికి 'స్టాప్డ్ రీడింగ్' అనీ వేర్వేరు రూపాలను కోరుతుంది.

ఇక్కడ ముఖ్యంగా గ్రహింపవలసినది, ఆంగ్లంలో 'టు'లు రెండు. ఒకటి తుమున్నర్థకానికి గుర్తు. దాని వెంట క్రియ యథాతథంగా వస్తుంది. రెండవది మన 'కు' విభక్తి వంటిది. దాని వెంట నామవాచకమో, 'ఇంగ్' రూపమో రావాలి. వీటిని గుర్తించడానికి సులువైన పరీక్ష ఉన్నది. క్రియకు బదులు నామవాచకం ఉంచి చూడండి. 'లుక్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై' అనవచ్చును. కనుక 'హియరింగ్' సాధువు. 'హోప్ టు యువర్ రిప్లై' అనరాదు. కనుక 'హోప్ టు హియర్' అనవలెను. 'ఆబ్జెక్ట్ టు', 'విత్ ఎ వ్యూ టు' అనేవి 'లుక్ ఫార్వర్డ్ టు' తెగకు చెందినవి. 'అగ్రీ' వంటి కొన్ని మాత్రం ఈ పరీక్షకు లొంగవు.

రూపం మారితే అర్థమే మారే సందర్భాలూ ఉన్నాయి. 'ఐ యూజ్డ్ టు వాక్' అంటే పూర్వం నడిచేవాడినని. 'ఐ యామ్ యూజ్డ్ టు వాకింగ్' అంటే నడక నాకు అలవాటేనని. 'రిమెంబర్ టు పోస్ట్ ది లెటర్' అంటే ఉత్తరం మరువక వేయుమని. 'ఐ రిమెంబర్ పోస్టింగ్ ది లెటర్' అంటే వేసినట్లు జ్ఞాపకమున్నదని. 'స్టాప్ టు టాక్' అంటే మాట్లాడటానికి ఆగడం. 'స్టాప్ టాకింగ్' అంటే మాటలే ఆపడం. పరీక్ష హాలులో ఈ రెండింటి తారతమ్యం తెలియనివారు ఉండరు!

'ఇన్సిస్ట్ ఆన్', 'కేపబుల్ ఆఫ్', 'ప్రివెంట్ ఫ్రం' అనే వాటి వెంట ఎల్లప్పుడూ 'ఇంగ్' రూపమే. 'వర్త్ రీడింగ్', 'కాంట్ హెల్ప్ లాఫింగ్' వంటి నుడికారాలకు సూత్రం వెదకడం కంటె కంఠస్థం చేయడమే మేలు.

కావున విద్యార్థులు క్రొత్త పదాన్ని ఒంటరిగా వ్రాసుకొనక, దాని వెంట నడిచే రూపంతో కలిపి పూర్తి వాక్యంగా వ్రాసుకొనవలెను. దినమునకు రెండు వాక్యాలు చాలును. సంవత్సరాంతానికి ఆ నోటు పుస్తకమే మీకు తగిన వ్యాకరణమవుతుంది.