ఇంగ్లిష్‌లో టైం చెప్పడం: అపోహలు – వాస్తవాలు

ఇంగ్లిష్‌లో గడియారం సమయాన్ని రెండు రకాలుగా చెబుతారు. పదిన్నరను ‘టెన్ థర్టీ’ అని అంకెల వరసలో చదివేయడం ఒక పద్ధతి. ‘హాఫ్ పాస్ట్ టెన్’ అని, గంట దాటి ఎంతయిందో, గంటకు ఇంకా ఎంత ఉందో లెక్కగట్టి చెప్పడం రెండోది. బడిలో బట్టీ పట్టించేది ఎక్కువగా రెండోదే కాబట్టి అదొక్కటే శుద్ధమైన ఇంగ్లిష్ అనీ, మొదటిది డిజిటల్ వాచీలు వచ్చాక పుట్టిన సోమరి వాడుక అనీ ఒక అపోహ ఉంది. నిజానికి రెండూ ప్రామాణికమే. డిజిటల్ వాచీలకు చాలా ముందునుంచే రైళ్ల టైంటేబుళ్లు అంకెల వరసలోనే అచ్చయ్యేవి. అగాథా క్రిస్టీ 1957లో రాసిన నవల పేరే ‘4.50 ఫ్రం ప్యాడింగ్టన్’. గంటకూ నిమిషాలకూ మధ్య చుక్క పెట్టాలా, రెండు చుక్కలు పెట్టాలా అన్న తగాదాకు కూడా ఆ పేరే జవాబు చెబుతుంది. ఒక చుక్క బ్రిటిష్ అలవాటు, రెండు చుక్కలు అమెరికన్ అలవాటు. ఏది రాసినా తప్పు కాదు, ఒకే కాగితం మీద రెండూ కలపకపోతే చాలు.

‘పాస్ట్’, ‘టు’ పద్ధతిలో పిల్లలకు చెప్పకుండా వదిలేసే నియమం ఒకటుంది. నిమిషాలు ఐదు, పది, ఇరవై, ఇరవై ఐదు అయితే ‘మినిట్స్’ అనే మాట అక్కర్లేదు. ‘ట్వంటీ పాస్ట్ టెన్’ అంటే సరిపోతుంది. పది గంటల ఇరవై మూడు నిమిషాలయితే మాత్రం ‘ట్వంటీ త్రీ మినిట్స్ పాస్ట్ టెన్’ అనాలి. అంకెల వరసలో చదివేటప్పుడు 10.05ను ‘టెన్ ఫైవ్’ అనరు, ‘టెన్ ఓ ఫైవ్’ అంటారు.

ఇంగ్లిష్ మాట్లాడే దేశాలన్నిటా టైం ఒకేలా చెబుతారనుకోవడమూ పొరపాటే. అమెరికాలో కొందరు ‘క్వార్టర్ ఆఫ్ టెన్’ అంటారు. వినగానే పదింపావేమో అనిపిస్తుంది, కానీ అది పావు తక్కువ పది. పదింపావుకు వాళ్లలో చాలామంది వాడే మాట ‘క్వార్టర్ ఆఫ్టర్ టెన్’. బ్రిటన్‌లో మాటల్లో ‘హాఫ్ టెన్’ అంటే పదిన్నర. జర్మన్లు తమ భాషలో దాదాపు అదే మాటను తొమ్మిదిన్నరకు వాడతారు. అందుకే ఆ రెండు దేశాల వాళ్లు కలిసి పనిచేసే చోట ‘హాఫ్ టెన్’ జోలికి పోకుండా ‘టెన్ థర్టీ’ అనడమే క్షేమం. మన ఊళ్లలోనూ ఇలాంటి మెలిక ఒకటి ఉంది. ‘ఆఫీస్ ఈజ్ టెన్ టు ఫైవ్’ అని ధీమాగా అంటుంటారు. పనివేళల మాట నడుస్తోందని తెలిసినవాడికి పదినుంచి ఐదుదాకా అని అర్థమవుతుంది. ఆ సందర్భం లేకపోతే ‘టెన్ టు ఫైవ్’ అంటే పది నిమిషాలు తక్కువ ఐదు. ముందు ‘ఫ్రం’ చేరిస్తే ఏ గొడవా ఉండదు.

‘ఓ క్లాక్’ను ఏ సమయానికైనా తగిలించవచ్చనుకోవడం మరో అపోహ. ‘ఆఫ్ ద క్లాక్’ అన్న పాత ప్రయోగం అరిగి ఈ మాట అయింది. నిమిషాలు లేని నిండు గంటలకే ఇది చెల్లుతుంది. ‘టెన్ థర్టీ ఓ క్లాక్’ అనకూడదు. పక్కన ఏఎం, పీఎం కూడా సాధారణంగా రాయరు. ‘టెన్ ఏఎం ఇన్ ద మార్నింగ్’ అంటే ఉదయం అన్న సంగతి రెండుసార్లు చెప్పినట్టే. 15.30 పక్కన పీఎం రాయడమూ అలాంటిదే. ఇక సరిగ్గా పదింటికి అనడానికి మనవాళ్ల నోట వచ్చే ‘షార్ప్ టెన్’ ఇంగ్లిష్‌లో వెనకాముందవుతుంది. అక్కడ ‘టెన్ షార్ప్’ అనాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పన్నెండు గంటలది. పగలు పన్నెండు ఏఎమ్మా పీఎమ్మా అన్న ప్రశ్నకు, ఆ అక్షరాల అర్థం తెలిస్తే జవాబు దొరుకుతుందని చాలామంది నమ్మకం. దొరకదు. ఏఎం అంటే లాటిన్‌లో మధ్యాహ్నానికి ముందు, పీఎం అంటే మధ్యాహ్నం తర్వాత. నడి మధ్యాహ్నం తనకు తాను ముందూ కాదు, తర్వాతా కాదు. అర్ధరాత్రి సంగతి చూస్తే, గడిచిన మధ్యాహ్నానికి అది ఎంత దూరమో, రాబోయే మధ్యాహ్నానికీ అంతే దూరం. పగలు 12 పీఎం, అర్ధరాత్రి 12 ఏఎం అన్నది వాడుకలో కుదిరిన ఒప్పందం మాత్రమే. ఫోన్లు, డిజిటల్ గడియారాలు దాన్నే పాటిస్తాయి. అయితే ఆ ఒప్పందాన్ని అందరూ ఎప్పుడూ ఒకేలా పాటించలేదు. అమెరికా ప్రభుత్వ ముద్రణ కార్యాలయం శైలి నియమావళి 2000 కూర్పులో ఇది సరిగ్గా తలకిందులుగా ఉంది. 2008 కూర్పులో సరిచేశారు. అదే దేశంలో కొలతల ప్రమాణాలు చూసే నిస్ట్ సంస్థ అయితే ఈ రెండూ అయోమయమే, ‘నూన్’ అనో ‘మిడ్‌నైట్’ అనో రాయండి అంటుంది.

మిడ్‌నైట్ అని రాసినా తేదీ పేచీ మిగులుతుంది. ఆదివారం అర్ధరాత్రి అంటే ఆదివారం మొదలయ్యేదా, ముగిసేదా? గడువు ముఖ్యమైన కాగితాల్లో 11.59 అనో 12.01 అనో రాసేది ఈ పేచీ రాకుండానే. పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఇంగ్లిష్ తేదీ నడిరేయి మారుతుంది. పదిహేనో తేదీ 00.10కి బయల్దేరే రైలుకు పద్నాలుగో తేదీ రాత్రే స్టేషన్‌కు చేరుకోవాలి. టికెట్ చేతిలో ఉండి, ఒక రోజు ఆలస్యంగా ప్లాట్‌ఫాం మీదికి వచ్చేవాళ్లు పడిపోయేది ఈ గుంటలోనే.

రోజులోని పూటలు కూడా రెండు భాషల్లో ఒకటి కావు. రాత్రి రెండు గంటలను ఇంగ్లిష్‌లో మామూలుగా ‘టూ ఇన్ ద మార్నింగ్’ అంటారు. మనం సాయంత్రం నాలుగు అనే సమయం వాళ్లకింకా ఆఫ్టర్‌నూనే. మధ్యాహ్నం అనే మాట మనకు పన్నెండుకూ మూడుకూ సరిపోతుంది. వాళ్లకు పన్నెండు నూన్, ఆ పైది ఆఫ్టర్‌నూన్. ముందుండే మాటల్లోనూ పట్టింపు ఉంది. గడియారం సమయానికీ, నైట్, నూన్, మిడ్‌నైట్‌లకూ ‘ఎట్’ రావాలి. మార్నింగ్, ఈవెనింగ్‌లకు ‘ఇన్ ద’ రావాలి. వారం పేరు చేరితే ‘ఆన్ మండే మార్నింగ్’ అవుతుంది. దీనికి తర్కం వెతకడం వృథా, అలవాటు చేసుకోవాల్సిందే.

‘నుంచి’ ఉన్నచోటల్లా ‘ఫ్రం’ పెడితే చాలనుకోవడం వల్ల వచ్చే తప్పులు ఇంకా ఎక్కువ. ‘రెండు గంటల నుంచి ఎదురుచూస్తున్నాను’ అన్న వాక్యానికి తెలుగులోనే రెండర్థాలున్నాయి. రెండింటికి మొదలుపెట్టి అనైనా కావచ్చు, రెండు గంటలుగా అనైనా కావచ్చు. ఇంగ్లిష్ ఈ రెంటినీ విడదీస్తుంది. మొదలైన వేళ చెబితే ‘సిన్స్ టూ ఓ క్లాక్’, గడిచిన కాలం చెబితే ‘ఫర్ టూ అవర్స్’. క్రియ కూడా ‘ఐ యామ్ వెయిటింగ్’ కాదు, ‘ఐ హావ్ బీన్ వెయిటింగ్’.

‘బై’, ‘టిల్’ మాటలు ఒకదాని బదులు ఒకటి వాడితే అర్థమే తిరగబడుతుంది. ‘ఐ విల్ బీ దేర్ బై ఫైవ్’ అంటే ఐదింటికల్లా అక్కడికి చేరుకుంటానని. ‘ఐ విల్ బీ దేర్ టిల్ ఫైవ్’ అంటే ఐదింటిదాకా అక్కడే ఉంటానని. మొదటి మాట ఇచ్చినవాడు ఐదింటికి వస్తాడు, రెండో మాట ఇచ్చినవాడు ఐదింటికి వెళ్లిపోతాడు. దరఖాస్తు మీద ‘బై ఫైవ్ పీఎం’ అని ఉంటే ఐదు లోపే అందాలి, ఐదు దాటాక ఇచ్చింది చెల్లదు.