కుందేలు పిల్ల కడుపులో కావలి

అలిపిరి తిరుమల కొండ కింద ఉంది. కొండకు పోయే బండ్లను అక్కడ ఆపుతారు. మూటలు, సంచులు చూస్తారు. మాంసం, సారాయి, సిగరెట్లు ఉంటే పైకి పోనివ్వరు. బట్టలు, కొబ్బరికాయలు ఉంటే పోనిస్తారు.

ఇలాంటి కావలి మన కడుపులో కూడా ఉంది. కుందేలు కడుపులోనూ ఉంది. కుందేళ్ళు పెంచే ఆడవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. తెలిస్తే పిల్లలు దక్కుతాయి. తెలియకపోతే పెట్టిన డబ్బు పోతుంది.

అలిపిరికి దగ్గరలో ఒక పల్లె ఉందనుకుందాం. అక్కడ ఒక అక్క పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. కుందేళ్ళు పెంచింది. తల్లి కుందేలు 31 రోజులు మోసి 7 పిల్లలు పెట్టింది. నెల రోజులు పిల్లలు బాగున్నాయి. తర్వాత అక్క వాటిని తల్లి దగ్గర నుంచి వేరు చేసింది. ఆ రోజే కొత్త దాణా పెట్టింది. బాగా పెరగాలని సోయా చెక్క, శెనక్కాయ చెక్క నిండుగా కలిపింది. మూడో రోజుకు పిల్లలు పారుకున్నాయి. నాలుగు చచ్చిపోయాయి.

"ఎవరి దిష్టో తగిలింది వదినా" అంది పక్కింటామె.

దిష్టి కాదు. అసలు సంగతి పిల్లల కడుపులో ఉంది.

మాంసకృత్తులు అంటే ఏమిటి?

ఒళ్ళు పెరగడానికి మాంసకృత్తులు కావాలి. పప్పులో, పాలలో, గుడ్డులో అవి ఉంటాయి. శెనక్కాయ చెక్కలో, సోయా చెక్కలో చాలా ఉంటాయి. కుందేలు దాణాలో నూటికి 16 నుంచి 18 పాళ్ళు మాంసకృత్తులు ఉండాలని పశువైద్యులు చెబుతారు. కాబట్టి చెక్క పెట్టడం తప్పు కాదు. ఒక్కసారిగా పెట్టడమే తప్పు.

కడుపులో ఏం జరుగుతుంది?

పేగు గోడల్లో రక్షణ కణాలు ఉంటాయి. అవి కంటికి కనపడవు. రోగ క్రిములను పట్టుకోవడం వాటి పని. తిండిని మాత్రం అవి పోనివ్వాలి. ఏది తిండి? ఏది క్రిమి? పుట్టిన పిల్లకు ఇది తెలియదు. దాని ఒళ్ళు మెల్లగా నేర్చుకోవాలి.

తల్లి కుందేలు సాధారణంగా రోజుకు ఒక్కసారే పాలిస్తుంది. ఆ పాలు పిల్ల కడుపును కాపాడతాయి. మూడు వారాలకు పిల్లలు మేత కొరకడం మొదలుపెడతాయి. కొంచెం పాలు, కొంచెం మేత తింటాయి. తల్లి పెంటికలు కూడా కొరుకుతాయి. అది చూసి భయపడకూడదు. మంచి క్రిములు అలా కూడా పిల్ల పేగులోకి చేరతాయి. ఆ మంచి క్రిములే రక్షణ కణాలకు పని నేర్పుతాయి.

ఇంతలో పాలు మానిపించి కొత్త చెక్క ఎక్కువగా పెడితే? కొన్ని మాంసకృత్తులు అరగకుండా మిగులుతాయి. రక్షణ కణాలు వాటిని శత్రువు అనుకోవచ్చు. అప్పుడు పోట్లాట మొదలవుతుంది. పేగు లోపలి పొర వాస్తుంది. తిన్నది ఒంటబట్టదు. చెడ్డ క్రిములు పెరుగుతాయి. పిల్ల పారుకుంటుంది.

సోయాతో ఇలా జరగడం లేగదూడల్లో, పంది పిల్లల్లో కూడా శాస్త్రవేత్తలు చూశారు. మనుషుల్లోనూ కొందరికి శెనక్కాయలు పడవు. తింటే దద్దుర్లు వస్తాయి. అదీ ఇలాంటి పొరపాటే.

అయితే పారుకోవడానికి ఇదొక్కటే కారణం కాదు. గింజలు ఎక్కువైనా పారుకుంటాయి. కాక్సీడియా అనే సూక్ష్మజీవి వల్ల కూడా పారుకుంటాయి. అందుకే పశువైద్యునికి చూపించాలి.

ఏం చేయాలి?

1. మూడో వారం నుంచే పిల్లలకు కొద్దిగా దాణా అలవాటు చేయాలి.

2. తల్లి నుంచి వేరు చేసిన రోజే దాణా మార్చకూడదు. కొన్నాళ్ళు పాత దాణానే పెట్టాలి.

3. తర్వాత మూడు పిడికిళ్ళ పాత దాణాకు ఒక పిడికెడు కొత్తది కలపాలి. వారం, పది రోజుల్లో మెల్లగా పెంచాలి.

4. పచ్చి సోయా గింజలు పెట్టకూడదు. వేడి చేయనిదే అవి సరిగా అరగవు.

5. బూజు పట్టిన చెక్క అసలు పెట్టకూడదు. అందులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. అది కాలేయాన్ని పాడు చేస్తుంది. రోగాన్ని ఆపే శక్తిని తగ్గిస్తుంది. బూజు దులిపినా విషం పోదు.

6. ఎండుగడ్డి, మంచినీళ్ళు ఎప్పుడూ ఉండాలి. గూడు పొడిగా ఉండాలి.

తిరుపతిలో పశువైద్య కళాశాల 1955లో మొదలైంది. 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడు ఆ కళాశాల అందులో భాగం. దాణా గురించి సందేహం వస్తే పశువైద్యులను అడగవచ్చు. అడగడానికి సిగ్గు పడనక్కరలేదు.

ఆరు నెలలు నిండిన బిడ్డకు అమ్మ ఏం చేస్తుంది? మెత్తటి అన్నం ఒక చెంచాతో మొదలుపెడుతుంది. పాలు మాన్పించదు. ఒక్కొక్క తిండే అలవాటు చేస్తుంది. ఆ ఓపికే కుందేలు పిల్లకూ కావాలి.

రెండో ఈతకు ఆ అక్క అలాగే చేస్తే, వదిన దిష్టి తీయమని చెప్పే పని ఉండదు.